ఆరు పెట్టలతో మొదలుపెట్టండి: బెజవాడ, గుంటూరు ఎండల్లో పెరటి కోళ్ళ పెంపకం

కోడిపిల్లల్ని కొనే ముందు గూడు కట్టండి. మా చుట్టుపక్కల కోళ్ళు పెట్టి ఏడాది తిరక్కుండా మానేసిన వాళ్ళందరిదీ ఇంచుమించు ఒకటే కథ. సంతలో ముచ్చటపడి పది పిల్లల్ని తెచ్చుకున్నారు, అట్టపెట్టెలో పెట్టారు, రెండిటిని పిల్లి ఎత్తుకుపోయింది, ఐదారు కొక్కెర తెగులుకి పోయాయి, మిగిలిన ఒకటో రెండో మే నెల ఎండకి పడిపోయాయి. పిల్లి, తెగులు, ఎండ. మన వైపు పెరటి కోళ్ళు ఎక్కువగా పోయేది ఈ మూడింటి వల్లే. వీటికి ముందే కాపు కాసుకుంటే మిగతా సంగతి చాలావరకు కోడే చూసుకుంటుంది.

మాది విజయవాడ పాయకాపురం. అమ్మ వాళ్ళది తెనాలి దగ్గర పల్లె, చిన్నప్పటి నుంచి ఇంట్లో గంపల కింద కోళ్ళు ఉండేవి. ఇప్పుడు ఇక్కడ వంద గజాల పెరట్లో ఏడు పెట్టలున్నాయి. చోటు తక్కువగా ఉన్నవాళ్ళు ఆరుతో మొదలుపెట్టండి, నలుగురున్న ఇంటికి సరిపోను గుడ్లు వస్తాయి. పుంజు అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది, అవి పొదగడానికి పనికిరావు గానీ తినడానికి తేడా ఏమీ ఉండదు. టౌనులో తెల్లవారుజామున మూడున్నరకి పుంజు కూస్తే పక్కింటివాళ్ళతో మాట పడాల్సి వస్తుంది. పైగా సంక్రాంతి దగ్గర పడితే మంచి డేగ పుంజు కోసం గేటు దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. పందేలు చట్టవిరుద్ధం. మనం బిడ్డలా పెంచుకున్న దాన్ని కత్తి కట్టడానికి ఇవ్వకండి.

గూడు సంగతికొస్తే, ఆరు పెట్టలకి లోపల నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉండాలి, అంటే ఒక్కో కోడికి రెండు చదరపు అడుగులు. ఇది రాత్రి పడుకోవడానికి మాత్రమే, పగలు బయట తిరగడానికి చోటుంటేనే ఈ లెక్క. పొడుగు వైపు తూర్పు పడమరలుగా పెడితే ఎండ నేరుగా లోపలికి కొట్టదు. నేల మీద పెట్టొద్దు, కనీసం రెండడుగుల ఎత్తున కాళ్ళ మీద నిలబెట్టండి. పందికొక్కులు అడుగు నుంచి తవ్వుకుని వస్తాయి, మన ఊళ్ళలో వాటికి కొదవ లేదు. చుట్టూ వేసే జాలీ అరంగుళం కన్నంది, గట్టి వెల్డింగ్ జాలీ తీసుకోండి. షాపులో కోళ్ళ జాలీ అని అడిగితే ఇచ్చే ఆరుమూలల సన్నతీగ జాలీ కోడిని లోపల ఆపుతుంది గానీ కుక్కని, ముంగిసని బయట ఆపలేదు, పాము అయితే తేలిగ్గా దూరిపోతుంది. తలుపుకి గడియ ఒక్కటే చాలదు, తాళమో మడత కొక్కెమో పెట్టండి.

పైన ఇనపరేకు వేస్తే దాని మీద తాటాకు గానీ కొబ్బరి మట్టలు గానీ మందంగా పరవాల్సిందే. ఒట్టి రేకు కింద మే నెల మధ్యాహ్నం అరగంట మీరు కూర్చుని చూడండి, నేనెందుకు ఇంతగా చెబుతున్నానో తెలుస్తుంది. లోపల రెండడుగుల ఎత్తున గుండ్రటి కర్ర ఒకటి అడ్డంగా కట్టండి, కోళ్ళు రాత్రి దాని మీదే పడుకుంటాయి. గుడ్లు పెట్టడానికి అడుగు చదరం పెట్టెలు రెండు చాలు, అడుగున వరిగడ్డి వేసి కాస్త చీకటి మూల పెట్టండి. గూటి లోపల అడుగున ఊక మూడంగుళాలు పోసి రోజూ ఒకసారి కర్రతో తిరగెయ్యండి. ఊక పొడిగా ఉన్నన్నాళ్ళు వాసన రాదు. తడిసిన చోట వెంటనే తీసి కొత్తది పోయాలి. ఆ పాత ఊకని మూడు నాలుగు నెలలు గుంటలో మగ్గనిచ్చి కరివేపాకుకి, నిమ్మచెట్టుకి వెయ్యండి. పచ్చిది వేస్తే మొక్క మాడిపోతుంది.

ఎత్తు అన్నాను కదా, పందికొక్కుల కోసమే కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు మా వీధిలోకి వచ్చినప్పుడు మాకు దొరికిన సమయం చాలా తక్కువ. గూడు కాళ్ళ మీద ఉండబట్టి మేం పిల్లల్ని, బియ్యాన్ని మేడ మీదికి చేర్చి తిరిగి వచ్చేదాకా కోళ్ళు తడవకుండా ఉన్నాయి. తర్వాత గంపలో పెట్టి ఒక్కోటిగా పైకి మోశాం. ఆ రోజులన్నీ మాతోపాటే నూకలు తిని బతికాయి. లోతట్టు కాలనీల్లో ఉండేవాళ్ళు కోళ్ళన్నీ పట్టే గంప ఒకటి, మేడ మీద చిన్న నీడ ఒకటి వానాకాలం రాకముందే చూసి పెట్టుకోండి.

ఇప్పుడు ఏ కోడి? నాటు పెట్ట ఏడాదికి 60 నుంచి 80 గుడ్లు పెడుతుంది, విడతకి పది పదిహేను పెట్టి పొదుగుకి కూర్చుంటుంది, జబ్బుకి తట్టుకుంటుంది, పిల్లల్ని తనే కాస్తుంది. గుడ్లే ముఖ్యమనుకుంటే గ్రామప్రియ, మాంసం కూడా కావాలనుకుంటే వనరాజా. రెండూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన రకాలే. ఇవి నాటు పెట్టలా పొదుగుకి కూర్చుంటాయని ఆశపడొద్దు. అందుకని నేను నాటువి మూడు, గ్రామప్రియలు నాలుగు పెట్టుకున్నాను. రోడ్డు పక్కన గులాబీ, ఆకుపచ్చ రంగులు పూసి అమ్మే పిల్లల్ని మాత్రం మీ పిల్లలు ఎంత ఏడ్చినా కొనకండి. అవి చాలావరకు గుడ్ల కోళ్ళ హేచరీల్లో పక్కన పెట్టేసిన మగపిల్లలు. టీకా ఉండదు, ఎండలో ఆకలితో నీరసించి ఉంటాయి, ఇంటికి తెచ్చిన మూడోరోజుకి పిల్లల కళ్ళ ముందే పోతాయి.

రోజుపిల్లల్ని తెస్తే మొదటి వారం 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తర్వాత వారానికి రెండు మూడు డిగ్రీలు తగ్గించుకుంటూ రావాలి. పది పిల్లలకి అట్టపెట్టెలో 60 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు చాలు. థర్మామీటరు లేకపోతే పిల్లల్నే చూడండి: బల్బు కింద గుట్టగా మూగితే చలి, మూలలకి పోయి నోరు తెరిస్తే వేడి, పెట్టె నిండా చెదిరి గింజలు ఏరుకుంటుంటే సరిగ్గా ఉన్నట్టు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పగలు బల్బు అవసరమే రాదు. రాగానే మేత కంటే ముందు కాస్త బెల్లం కలిపిన నీళ్ళు పెట్టండి, ఒక్కో పిల్ల ముక్కుని నీళ్ళలో ముంచి చూపిస్తే నేర్చేసుకుంటుంది. నీళ్ళ మూకుట్లో గులకరాళ్ళు వెయ్యండి, లేకపోతే పడి మునిగిపోతాయి. మొదటి రోజు కాగితం మీద మొక్కజొన్న రవ్వ చల్లండి, మర్నాటి నుంచి స్టార్టర్ దాణా.

కొక్కెర తెగులు గురించి కాస్త జాగ్రత్తగా చదవండి. దీన్నే రాణిఖేత్ అంటారు, అది ఉత్తరాఖండ్‌లో ఒక ఊరు, మన దేశంలో ఈ జబ్బుని మొదట గుర్తించింది అక్కడే. ఆకుపచ్చగా, తెల్లగా పారుతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, కొన్నిటికి మెడ వంకర తిరుగుతుంది. వచ్చాక మందు లేదు, టీకా ఒక్కటే దారి. పిల్లకి 5 నుంచి 7 రోజుల మధ్య కొక్కెర టీకా, లసోటా గానీ ఎఫ్ వన్ గానీ, కంట్లో ఒక చుక్క. రెండో వారంలో గంబోరో అనే ఇంకో జబ్బుకి టీకా. నాలుగో వారంలో మళ్ళీ లసోటా. ఆరో వారంలో మశూచి టీకా. ఎనిమిదో వారం దాటాక మళ్ళీ కొక్కెరకే ఆర్‌టూబీ సూది, ఆ తర్వాత ఎన్నాళ్ళకోసారో మీ పశువుల డాక్టరుగారిని అడగండి.

ఇక్కడ అందరికీ వచ్చే ఇబ్బంది ఒకటుంది. టీకా సీసా పెద్దది, కనీసం వంద కోళ్ళకి సరిపోయేది, మనకి ఆరు కోళ్ళు. కలిపిన మందు గంటా రెండు గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది దాచుకోడానికి లేదు. మేం వీధిలో కోళ్ళున్న ఎనిమిది ఇళ్ళవాళ్ళం కలిసి ఒక ఆదివారం తెల్లవారుజామున, కోళ్ళు ఇంకా గూట్లో ఉండగానే వేసేస్తాం. ఐసుముక్కలు వేసిన థర్మాస్‌లో సీసా తెస్తాం, ఒకరు కోడిని పడతారు, ఒకరు చుక్క వేస్తారు. చుక్క వేశాక కోడి కన్ను ఆర్పేదాకా వదలకూడదు, లేకపోతే మందు బయటికి జారిపోతుంది. మా పక్కింటి అత్తయ్యగారు ఆ రోజు బాగాలేని కోడిని కూడా పట్టుకొచ్చి “దీనికీ వేసెయ్యమ్మా” అంటారు. నీరసంగా ఉన్నదానికి వెయ్యొద్దు. టీకాకి వారం ముందు నట్టల మందు తాగిస్తే బాగా పనిచేస్తుంది.

బయటి నుంచి కొత్త కోడిని తెస్తే మూడు వారాలు విడిగా ఉంచండి, పెరటికి అటు చివర గంప కింద. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మేం రెండు నెలలు బయటి కోడిని గడప తొక్కనివ్వలేదు. ఒక్కసారిగా రెండు మూడు చచ్చిపోతే కొయ్యొద్దు, పడెయ్యొద్దు, పశువుల ఆసుపత్రికి చెప్పండి. తాకాల్సి వస్తే చేతికి కవరు, ముక్కుకి గుడ్డ.

ఎండ. కోడికి చెమట పట్టదు. దాని ఒళ్ళు మామూలుగానే 41 డిగ్రీలు ఉంటుంది, బయట 43, 44 ఉన్నప్పుడు నోరు తెరిచి రొప్పడం తప్ప అది చేసుకోగలిగింది లేదు. రెక్కలు ఒంటికి దూరంగా వేలాడేసి, కళ్ళు సగం మూసి, గొంతు టకటకా కొట్టుకుంటుంటే అది ప్రమాదంలో ఉన్నట్టే. మార్చి చివర నుంచి మేత వేళలు మార్చెయ్యండి: పొద్దున ఆరింటికి, మళ్ళీ సాయంత్రం ఐదున్నరకి. తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది, అందుకే మధ్యాహ్నం గింజలు వెయ్యకూడదు. పదకొండు నుంచి నాలుగు దాకా నీళ్ళే. నీళ్ళు మట్టి మూకుళ్ళలో రెండు మూడు చోట్ల, చెట్టు నీడలో, గంటన్నరకోసారి మార్చాలి, ప్లాస్టిక్ తొట్లో నీళ్ళు వేడెక్కితే కోడి ముట్టదు. ట్యాంకు నీళ్ళు ఆ వేళకి కాగుతుంటాయి, కుండలోవి పొయ్యండి. పల్చటి మజ్జిగ ఇవ్వండి, పుచ్చకాయ తొక్కలు వెయ్యండి. గూటికి పడమర వైపు తడి గోనెపట్టా వేలాడదీస్తే మంచిది, కానీ గాలి వచ్చే రెండో వైపు మూయకండి. ఉక్కపోత రోజున గాలాడకుండా పట్టాలన్నీ తడిపితే లోపల ఇంకా ఉడికిపోతుంది.

పోయినేడు రోహిణి కార్తెలో మా ఎర్రపెట్ట జామచెట్టు కింద పక్కకి వాలిపోయి కనిపించింది. తీసుకొచ్చి కాళ్ళు, పొట్ట అడుగు భాగం కుండ నీళ్ళలో ఉంచి, తురాయి మీద తడిగుడ్డ వేసి, తేరుకున్నాక చెంచాతో ఉప్పు పంచదార నీళ్ళు పట్టాను. పది నిమిషాలకి కాలు లాగింది, సాయంత్రానికి లేచి నడిచింది. ఐసునీళ్ళలో ముంచకండి, తల మీద బకెట్‌తో పొయ్యకండి.

మేత పెద్ద ఖర్చేం కాదు. పెద్ద పెట్టకి రోజుకి నూరు, నూటఇరవై గ్రాములు కావాలి, తిరిగి ఏరుకునేది పోను దాంట్లో సగం వేసినా నాటుకోడికి సరిపోతుంది. నూకలు, తవుడు, జొన్నలు, మొక్కజొన్న రవ్వ, తోటకూర కాడలు. గుడ్లు పెట్టేవాటికి సున్నం సత్తువ కావాలి, ఆల్చిప్పల పొడి విడిగా ఒక చిప్పలో పెడితే కావాల్సినంత తినేస్తాయి. మిరపకాయ కారం పక్షులకి తెలియదు, గుంటూరు వైపు కల్లాల దగ్గర కోళ్ళు మిరపగింజలు ఏరుకోవడం మామూలే, అయితే మందు కొట్టిన కాయల దగ్గరికి, మందు పట్టించిన విత్తనాల దగ్గరికి పోనివ్వకండి. బూజు పట్టిన వేరుశనగ చెక్క, పాచిపోయిన అన్నం, ఉప్పు పచ్చళ్ళు వద్దు. పేలు పట్టకుండా ఒక మూల తొట్టిలో పొడి మట్టి, కట్టెల బూడిద కలిపి పొయ్యండి, అందులో అవే పొర్లుతాయి.

పొద్దున్నే గూడు తలుపు తీసినప్పుడు రెండు నిమిషాలు నిలబడి చూడండి. ఎగబడి బయటికి రానిది ఏది? రెట్ట ఎలా ఉంది? రెట్టలో నెత్తురు కనిపిస్తే, ముఖ్యంగా పిల్లల్లో, అది చాలావరకు కాక్సిడియోసిస్, పేగుల్లో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. ఆంప్రోలియం మందు డాక్టరు చెప్పిన మోతాదులో నీళ్ళలో కలిపి ఇవ్వాలి, ఊక అంతా మార్చాలి. అంతు తెలియని జబ్బయితే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

కోళ్ళు కుదురుకున్నాక చాలామంది బాతులో కుందేళ్ళో అంటారు. బాతులు సులువు, నత్తల్ని తినేస్తాయి, కానీ ముక్కురంధ్రాలు మునిగేంత లోతు నీళ్ళు కావాలి, చుట్టూ బురద చేస్తాయి కాబట్టి కోళ్ళ గూట్లో కలపొద్దు. కుందేళ్ళని మన ఎండలకి నేనైతే వద్దంటాను. మేక కావాలంటే అవిశ, సుబాబుల్ కోసుకునే చోటు ముందు చూసుకోండి.

ఇక పొదుగు. నాటు పెట్ట గంపలోంచి లేవకుండా, చెయ్యి పెడితే ఈకలు విచ్చి గుర్రుమంటుంటే దాని కింద గుడ్లు పెట్టొచ్చు. పుంజున్న ఇంటి నుంచి వారం లోపలి గుడ్లు పది పన్నెండు తెచ్చి రాత్రి పూట పెట్టండి. మా అమ్మమ్మ ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని గంపలో బొగ్గుముక్క, ఇనపముక్క వేసేది, నేనూ వేస్తాను. ఏడోరోజు రాత్రి సెల్ లైటు ముందు గుడ్డు పట్టుకుంటే మధ్యలో చుక్క, దాని చుట్టూ ఎర్రటి నరాలు కనపడతాయి. ఖాళీగా పసుపుపచ్చగా కనిపించేవి తీసెయ్యండి. పెట్ట రోజుకొకసారి లేచి తిని వస్తుంది, ఆ కాసేపూ మేత, నీళ్ళు దగ్గర్లో ఉంచండి. 21వ రోజుకి గుడ్డు మీద చిన్న చిల్లు పడుతుంది, లోపలి నుంచి కీచుకీచుమంటుంది. చిల్లు పడ్డాక బయటికి రావడానికి పగలంతా పట్టొచ్చు, మీకు ఎంత టెన్షన్‌గా ఉన్నా పెంకు ఒలవకండి, నరాలు ఇంకా ఆరి ఉండవు, నెత్తురు పోతుంది. పిల్లలన్నీ ఆరి తల్లి రెక్కల కింద నుంచి తలలు బయట పెట్టాక నీళ్ళు, నూకరవ్వ పెట్టండి. రెండు వారాలు తల్లినీ పిల్లల్నీ గంప కిందే ఉంచండి, ఆకాశంలో గద్దలు, గోడ మీద కాకులు అప్పటికే చూస్తుంటాయి.