యాంప్ మార్చే ముందు: ఇంటి స్టీరియోలో సమస్యలు, పరిష్కారాలు

"పాత యాంప్ (యాంప్లిఫయర్) తీసేసి పెద్దది పెడదామనుకుంటున్నా, ఎన్ని వాట్లది కొనమంటావు?" అని అడిగేవాళ్లను ముందు నేను తిరిగి అడిగేది ఒకటే: ఇప్పుడున్నదానితో ఇబ్బందేంటి? సౌండు చాలట్లేదా, బర్రుమంటోందా, గుయ్యిమంటోందా, ఒక పక్క ఆగిపోతోందా? ఆ జవాబు సరిగ్గా వస్తే చాలామందికి యాంప్ మార్చే పనే ఉండదు. ఇక్కడ రాసేది రెండు స్పీకర్ బాక్సుల స్టీరియో గురించి. హోమ్ థియేటర్ గోల వేరే.

ప్లగ్గు పీకేసినా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జి కాసేపు నిలిచి ఉంటుంది. అలవాటు లేనివాళ్లు మూత విప్పొద్దు. కింద చెప్పినవాటిలో ఎక్కువ భాగం బయటినుంచే చూసుకోగలిగేవి.

వాల్యూమ్ పెంచినా సౌండు చాలట్లేదు

అందరూ వాట్ల మీద పడేది ఇక్కడే. 40 వాట్ల యాంప్ తీసేసి 80 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్స్. వినగానే "అవును, కాస్త పెరిగింది" అనిపిస్తుంది, అంతే. చెవికి రెట్టింపు సౌండు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవర్. 40 నుంచి 400కి వెళ్లాలి. అంత యాంప్ కొన్నా మీ బాక్సులు దాన్ని తట్టుకోవు.

బాక్సు వెనక కాగితం మీద సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది: 85, 88, 91, ఇలా. ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ సౌండు వస్తుందో చెప్పే అంకె అది. 85 బాక్సుకు 80 వాట్లు ఇస్తే ఎంత మోగుతుందో, 91 బాక్సు 20 వాట్లకే అంత మోగుతుంది. చిన్న షెల్ఫ్ బాక్సులు పెట్టుకుని పెద్ద హాలు నింపాలనుకునేవాళ్లు యాంప్ డబ్బులు బాక్సుల మీద పెట్టడం మేలు.

దానికంటే ముందు పాట ఎక్కడినుంచి వస్తోందో చూడండి. సీడీ ప్లేయర్ దాదాపు 2 వోల్టుల సిగ్నల్ ఇస్తుంది. ఫోను హెడ్‌ఫోన్ పిన్ను చాలా ఫోన్లలో అందులో సగం కూడా ఇవ్వదు. ఫోనులో వాల్యూమ్ 60 శాతం దగ్గర ఉంచి యాంప్ నాబ్ చివరిదాకా తిప్పితే తప్పు యాంప్‌ది కాదు. ఫోన్ పూర్తిగా పెంచి మళ్లీ వినండి. చాలకపోతే యూఎస్‌బీకి పెట్టే చిన్న డ్యాక్ (డిజిటల్ సిగ్నల్‌ను యాంప్‌కు పనికొచ్చే ఆడియోగా మార్చేది) ఒకటి కొనండి, కొత్త యాంప్ కంటే ఎంతో చవక.

ఆన్‌లైన్‌లో దొరికే చిన్న క్లాస్-డీ బోర్డుల (చిప్‌తో పనిచేసే చిన్న యాంప్ సర్క్యూట్ల) కథ ఇంకోటి. డబ్బా మీద "100 వాట్స్" అని ఉంటుంది, ఇంట్లో పాత రౌటర్‌ది 12 వోల్టుల అడాప్టర్ ఉంటే దానికే పెట్టేస్తారు. లెక్క వేసి చూడండి. ఇలాంటి బోర్డు ఒక చానెల్‌కు ఇవ్వగలిగే గరిష్ఠ పవర్ సుమారుగా, సప్లై వోల్టేజీని వోల్టేజీతో గుణించి, బాక్సు ఓమ్స్‌కి రెట్టింపుతో భాగిస్తే వచ్చేది. ఓమ్స్ అంటే కరెంటుకు బాక్సు ఇచ్చే నిరోధం. 8 ఓమ్స్ బాక్సుకు 12 వోల్టులైతే 144ను 16తో భాగించాలి: 9 వాట్లు. అదే బోర్డుకు 24 వోల్టులిస్తే 576ను 16తో భాగించాలి: 36 వాట్లు. బోర్డు మార్చలేదు, అడాప్టరే మారింది. టీపీఏ3116 చిప్ ఉన్న బోర్డయితే 24 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ సరిపోతుంది. 26 దాటనివ్వొద్దు, చిప్ పోవచ్చు. పాత ల్యాప్‌టాప్ 19 వోల్టుల అడాప్టర్ ఉన్నా నడిపించుకోవచ్చు, 22 వాట్ల దాకా వస్తుంది.

కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో అసెంబుల్డ్ యాంప్ చేయించుకుంటే కూడా ఇదే ప్రశ్న: ట్రాన్స్‌ఫార్మర్ ఎంత? 12-0-12 వోల్టులది పెట్టి 100 వాట్ల ఐసీ వేసినా 8 ఓమ్స్ బాక్సుకు సుమారు పది వాట్లే వస్తాయి. ఇక పీఎంపీఓ అని రాసిన అంకెను (అమ్మకం కోసం ఉబ్బించి చెప్పే వాట్లు) అసలు చదవకండి. ఆర్‌ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగలిగే నిజమైన పవర్) ఎంతో అడగండి, అదీ ఎన్ని ఓమ్స్ దగ్గరో.

ఒక చోటు దాటగానే బర్రుమంటోంది

యాంప్ తన సప్లై వోల్టేజీ ఇచ్చినంత వరకే సిగ్నల్‌ను పెంచగలదు. అక్కడ దాటితే తరంగం పైభాగం చదునుగా కత్తిరించినట్టు అయిపోతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. ముందు బేస్ దెబ్బలు పడ్డప్పుడు గొంతు గీరుకుపోయినట్టు వినిపిస్తుంది, తర్వాత అంతా బర్రే.

చిన్న యాంప్ కదా, పెద్ద బాక్సులకు ప్రమాదమేముంటుంది అనుకుంటారు. కానీ ఇళ్లలో ట్వీటర్లు (బాక్సులో సన్నని శబ్దాలు పలికించే చిన్న స్పీకర్లు) కాలేది ఎక్కువగా ఇలాగే. క్లిప్ అయిన సిగ్నల్‌లో అసలు పాటలో లేని హైఫ్రీక్వెన్సీ పుట్టుకొచ్చి నేరుగా ట్వీటర్ మీద పడుతుంది. ముందుగా బేస్ నాబ్‌ను మధ్యకు తేండి. బేస్ 10 డెసిబెల్స్ పెంచారంటే ఆ భాగానికి పది రెట్ల పవర్ అడుగుతున్నట్టే. ఫోన్‌లో ఈక్వలైజర్ ఉంటే అదీ ఆపండి. అయినా మీరు మామూలుగా వినే స్థాయిలోనే బర్రుమంటోందంటే, ఇప్పుడు పెద్ద యాంప్ కొనడానికి న్యాయమైన కారణం దొరికినట్టే.

నాబ్ ఎక్కడుందో చూసి పవర్ అంచనా వేయకండి. సీడీ ప్లేయర్ పెట్టినప్పుడు నాబ్ సగానికి రాకముందే యాంప్ పూర్తి పవర్‌కు చేరిపోవచ్చు. మిగతా సగం తిప్పితే పెరిగేది బర్రే.

కాసేపు మోగి ఆగిపోతోంది, ముట్టుకుంటే కాలుతోంది

యాంప్ వెనక స్పీకర్ పిన్నుల దగ్గర "8 ఓమ్స్" అనో "4 నుంచి 8" అనో రాసి ఉంటుంది. ఇంట్లో చేయించుకున్న బాక్సుల్లో కారు స్పీకర్లు వేస్తే అవి సాధారణంగా 4 ఓమ్స్. ఒకే పిన్నుకు రెండు బాక్సులు కలిపితే 8, 8 కలిసి 4 అవుతుంది, 4, 4 కలిసి 2 అవుతుంది. 2 ఓమ్స్ ఇంటి యాంప్‌కు దాదాపు షార్ట్ సర్క్యూట్ లాంటిదే. ప్రొటెక్షన్ ఉన్న యాంప్ ఆగిపోతుంది, లేనిది కాలిపోతుంది. ఏ, బీ అని రెండు జతల స్విచ్ ఉన్నా, రెండూ ఒకేసారి నొక్కాలంటే బాక్సులు 8 ఓమ్స్‌వి అయి ఉండాలి.

బాక్సులు సరిగ్గానే ఉన్నాయంటే వైరు చివర్లు చూడండి. ఒక్క రాగి పోగు పక్క పిన్నుకు తగిలినా ఇదే లక్షణం. అదీ కాకపోతే గాలి. అల్మరాలో పెట్టి పైన సెట్‌టాప్ బాక్సు ఎక్కించిన యాంప్ వేసవిలో ఆగిపోక ఏం చేస్తుంది?

గుయ్యిమనే శబ్దం

దీనికోసం యాంప్ మార్చినా కొత్తదానిలోనూ అదే శబ్దం రావచ్చు. వరసగా చూడండి. వెనకున్న ఇన్‌పుట్ వైర్లన్నీ పీకేసి యాంప్ ఒక్కటే ఆన్ చేయండి. గుయ్ పోయిందా? అయితే యాంప్ మంచిదే. ఒక్కొక్కటీ తిరిగి పెట్టుకుంటూ రండి. ఏది పెట్టగానే శబ్దం మొదలైందో దొంగ అదే. చాలా ఇళ్లలో అది సెట్‌టాప్ బాక్సు. దానిలో దూరే కేబుల్ వైరు విప్పి చూడండి. శబ్దం ఆగితే వీధి కేబుల్ ఎర్తూ మీ ఇంటి ఎర్తూ కలిసి గ్రౌండ్ లూప్ అయినట్టు. మధ్యలో ఆడియో ఐసొలేటర్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే తెగిపోతుంది, లేదా టీవీ నుంచి ఆప్టికల్ వైరు వాడండి, అందులో లోహమే ఉండదు. ప్లగ్గు ఎర్త్ పిన్ను విరగ్గొడితే శబ్దం పోతుందని ఎవరైనా చెబితే వినొద్దు. శబ్దంతోపాటు మీకున్న రక్షణ కూడా పోతుంది.

ఏమీ కలపకపోయినా రెండు బాక్సుల్లోనూ గుయ్ ఉంటే పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయినట్టు అనుమానించాలి. ఇరవై ఏళ్లు దాటిన సోనోడైన్, కాస్మిక్ లాంటి పాత దేశీ సెట్లలో ఇది సహజం. మెకానిక్‌కు చిన్న పని, యాంప్‌కు మళ్లీ చాలా ఏళ్ల ఆయుష్షు. శబ్దం బాక్సుల్లో కాకుండా యాంప్ డబ్బాలోంచే వస్తోందంటే అది ట్రాన్స్‌ఫార్మర్ మోత. భరించగలిగితే వదిలేయండి.

యాంప్ ఒంటిని తాకితే జివ్వుమంటోందా? అది ఇంటి ఎర్తింగ్ సంగతి. ఎలక్ట్రీషియన్‌తో సాకెట్‌లో ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కొలిపించండి, 230 దగ్గర రావాలి. రాలేదంటే మూడో కన్నం అలంకారానికే ఉందన్నమాట.

ఒక పక్క పోతుంది, వాల్యూమ్ పెంచితే వస్తుంది

యాంప్ వెనక స్పీకర్ వైర్లు ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చండి. లోపం రెండో బాక్సుకు మారితే తప్పు యాంప్ వైపుది, మారకపోతే బాక్సుదో వైరుదో. యాంప్ వైపైతే చాలాసార్లు స్పీకర్ రిలే (బాక్సులను యాంప్‌కు కలిపే లోపలి స్విచ్) కాంటాక్టులకు మసి పట్టి ఉంటుంది. తక్కువ సౌండులో కరెంటు దాన్ని దాటలేదు, పెంచగానే దాటేస్తుంది. రిలే మార్చడం సులువు. నాబ్ తిప్పినప్పుడు గరగరమంటే కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి నాబ్‌ను చివరినుంచి చివరిదాకా ఇరవైసార్లు తిప్పండి. తుప్పు వదిలించే స్ప్రే మాత్రం వద్దు.

రెండు పక్కలా సౌండు లేకపోతే ముందు "టేప్ మానిటర్" బటన్ లోపలికి నొక్కి ఉందేమో చూడండి.

బేస్ పలచగా ఉంది. టీవీ సౌండు రాదు. రికార్డు ప్లేయర్ వినపడదు

బేస్ పలచగా ఉండి పాడేవాళ్ల గొంతు మధ్యలో నిలవకుండా చెదిరిపోతే ఒక బాక్సు ప్లస్ మైనస్ తిరగబడ్డాయి. టీవీ ఆప్టికల్ వైరు డ్యాక్‌కు పెట్టినా నిశ్శబ్దమే అయితే టీవీ సౌండ్ సెట్టింగ్‌లో డాల్బీ తీసి పీసీఎం పెట్టండి. రికార్డు ప్లేయర్ మామూలు క్యాట్రిడ్జ్ కొన్ని మిల్లీవోల్టులే ఇస్తుంది కాబట్టి ఆక్స్‌లో పెడితే దోమ పాడినట్టే ఉంటుంది. ఫోనో అని రాసిన చోట పెట్టాలి, అది లేని యాంప్ అయితే ఫోనో ప్రీయాంప్ విడిగా కొనాలి.

అమెరికా నుంచి తెచ్చిన యాంప్

మన ఇళ్లలో ఇది తరచూ వచ్చేదే. అన్నయ్యో, అల్లుడో మంచి యాంప్ మోసుకొస్తారు. వెనక "120 వోల్ట్స్, 60 హెర్ట్జ్" అని ఉంటే నేరుగా మన ప్లగ్గులో పెడితే ఫ్యూజు పోవడం అదృష్టం, ట్రాన్స్‌ఫార్మర్ పోవడం మామూలు. వెనక రాసిన వాట్ల కంటే ఎక్కువ సామర్థ్యం ఉన్న, 230ని 120 దగ్గరికి దించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోండి. వోల్టేజీ సెలెక్టర్ స్విచ్ ఉంటే ప్లగ్గు పెట్టకముందే 230కి మార్చండి. ఏసీ మోటారుతో నడిచే రికార్డు ప్లేయర్ కూడా తెస్తే స్టెప్‌డౌన్‌తో పని అవదు. 60 హెర్ట్జ్ మోటారు మన 50లో ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, పాట సాగిపోతుంది.

ఇవన్నీ చూశాకా మార్చాల్సిందే అనిపిస్తే

మామూలు హాలుకు 88 దగ్గర బాక్సులుంటే 40, 50 నిజమైన వాట్లు చాలు. 4 ఓమ్స్ బాక్సులు ఉంటే, 4 ఓమ్స్‌కు పవర్ ఎంతో స్పష్టంగా రాసినదే కొనండి. వైరు కోసం వేల రూపాయలు తగలెయ్యకండి. పది మీటర్లలోపు దూరానికి 1.5 లేదా 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు సరిపోతుంది, అల్యూమినియం మీద రాగి పూత వేసింది కాకుండా చూసుకుంటే చాలు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు మల్టీమీటర్ వెంట తీసుకెళ్లండి. బాక్సులు కలపకుండా, పాట లేకుండా యాంప్ ఆన్ చేసి పది నిమిషాలు ఆగి, ఒక్కో పక్క స్పీకర్ ప్లస్, మైనస్ పిన్నుల మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే బేరం మొదలుపెట్టొచ్చు. వోల్టుల్లో కనిపిస్తే, అమ్మేవాడు ఎంత తగ్గించినా మీ బాక్సులు దానికి కలపొద్దు.