మాక్స్, ప్యూర్ డేటా, టచ్‌డిజైనర్: క్లాసుకు డబ్బు కట్టే ముందు

కోడ్ టైప్ చేయకుండా డబ్బాలను తీగలతో కలిపి సంగీతం, వీడియో చేసే ఈ సాఫ్ట్‌వేర్లు ఎక్కడ నేర్పుతారని అడిగేవాళ్లను నేను ముందు ఒకటే అడుగుతాను: మీ పనిలో శబ్దం ముఖ్యమా, బొమ్మ ముఖ్యమా? అది తేలకుండా క్లాస్ వెతకొద్దు.

బొమ్మే ప్రధానమైతే టచ్‌డిజైనర్. సొంతంగా నేర్చుకోవడానికి, డబ్బు రాని పనులకు ఉచితం, కాకపోతే చిత్రం 1280 × 1280 పిక్సెళ్లు దాటదు. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ మీద మాత్రం ఏడిపిస్తుంది. శబ్దం ప్రధానమైతే మాక్స్, లేదా ప్యూర్ డేటా. రెండింటి మూలపురుషుడూ మిల్లర్ పకెట్టే: 1980లలో పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన సంస్థలో మాక్స్ మొదలుపెట్టాడు, 1990లలో ప్యూర్ డేటా రాశాడు. అందుకే ఒకటి వస్తే రెండోది సగం వచ్చినట్టే. మాక్స్ కొనాలి, 30 రోజుల ట్రయల్ ఉంది; ప్యూర్ డేటా పూర్తిగా ఉచితం. చేతిలో డబ్బు లేకపోతే మరో ఆలోచన పెట్టుకోకండి, ప్యూర్ డేటాతో మొదలుపెట్టండి.

ఇప్పుడు ట్రైనింగ్ సంగతి. నేను చేసిన తప్పు చెప్తాను: రెండు రోజుల వర్క్‌షాప్‌కి డబ్బు కట్టి వెళ్తే మొదటి పూట ఇన్‌స్టాల్ చేసుకోవడానికే సరిపోయింది, మిగతా టైమంతా నేర్పేవాడు స్క్రీన్ మీద ఏం కలిపితే మేమూ అదే కలిపాం, ఇంటికొచ్చి ఖాళీ పేజీ తెరిస్తే చెయ్యి కదల్లేదు.

కాబట్టి ముందు ఒక నెల ఒంటరిగా కుస్తీ పట్టండి. గురువు సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాడు: ప్యూర్ డేటాలో ఏ డబ్బా మీదైనా రైట్ క్లిక్ చేసి హెల్ప్ నొక్కితే పనిచేసే ఉదాహరణే తెరుచుకుంటుంది, దాన్ని కాపీ చేసుకుని మీ పేజీలో అతికించుకోవచ్చు. మాక్స్‌లో ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేయాలి. టచ్‌డిజైనర్‌లో హెల్ప్ మెనూలో ఆపరేటర్ స్నిపెట్స్ చూడండి.

మొదటి పనిగా ప్యూర్ డేటాలో తంబూర శ్రుతి చేయండి. స్వరం పుట్టించే 'ఆస్క్ టిల్డా' (osc~) డబ్బాలు మూడు పెట్టి, ఒకదానికి 150, ఇంకోదానికి 225, మూడోదానికి 300 ఇవ్వండి; ఇవి సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే అంకెలు. స, ప, పై స వచ్చేస్తాయి. మూడింటినీ శబ్దం తగ్గించడానికి 0.1తో గుణించే డబ్బాలోకి (*~ 0.1) పంపి, అక్కడి నుంచి స్పీకర్‌కి వెళ్లే 'డాక్ టిల్డా'కి (dac~) కలపండి. ఆ 0.1 మర్చిపోయి హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారో, చెవులు గింగిర్లెత్తుతాయి. తర్వాత మృదంగం దగ్గర మైకు పెట్టి, దెబ్బ పడ్డప్పుడల్లా గుర్తుపట్టే 'బాంక్ టిల్డా' (bonk~) డబ్బాతో ఆడుకోండి. అది పట్టుబడిందంటే ఒక్కో దెబ్బకీ తెర మీద రంగు మార్చడం ఎంతో దూరం లేదు.

ఇలా ఎక్కడో ఒకచోట ఇరుక్కున్నాక అప్పుడు మనిషి కావాలి. క్లాసులో చేరేముందు మీరు సగంలో ఆగిన ఫైల్ నేర్పేవాళ్లకు పంపి "దీని మీద మాట్లాడతారా?" అని అడగండి, సిలబస్ మాత్రమే చెప్తానంటే వదిలేయండి. ఏ వెర్షన్ నేర్పుతారో, బ్యాచ్‌లో ఎంతమందో, ఫైళ్లు ఇస్తారో లేదో కూడా అడగండి. యూరప్ ఆన్‌లైన్ క్లాసైతే టైమ్ లెక్క చూసుకోండి: పారిస్‌లో సాయంత్రం 6 అంటే మనకు వేసవిలో రాత్రి 9:30, చలికాలంలో 10:30. పొద్దున్నే ఆఫీసు ఉన్నవాళ్లు రికార్డింగ్ ఇస్తారేమో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.