మెదడు రక్తనాళాల ఎమ్మారై: గదిలోకి వెళ్లే ముందు

ముందు లోహం సంగతి. స్కాన్ లేనప్పుడు కూడా ఎమ్మారై మిషన్‌లోని అయస్కాంతం లోహాన్ని లాగుతూనే ఉంటుంది. దాని బలం సాధారణంగా 1.5 లేదా 3 టెస్లా.

• గొలుసు, మెట్టెలు, జడపిన్నులు, మొలతాడుకున్న తాయెత్తు, కట్టుడు పళ్లు ఇంట్లోనే తీసేయండి. మెట్టెలు బిగుసుకుపోతే సబ్బునీళ్లు రాయండి. పెద్దవాళ్లు జాకెట్‌కు గుచ్చుకున్న పిన్నీసు మర్చిపోతారు, అడిగి చూడండి.

• పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, చెవిలో ఇంప్లాంట్ ఉంటే ఆపరేషన్ కాగితాలు తీసుకెళ్లండి. "పాత ఆపరేషనే కదా" అని ఊరుకోవద్దు. వెల్డింగ్ పని చేసినవాళ్ల కంట్లో ఇనుప రజను ఉండిపోవచ్చు, అదీ చెప్పాలి.

• గాడోలినియం (బొమ్మ స్పష్టంగా రావడానికి నరంలోకి ఎక్కించే మందు) ఇంజెక్షన్ ఉందా అని అడగండి. మెదడు నాళాల బొమ్మలు చాలాసార్లు అది లేకుండానే వస్తాయి. ఇస్తామంటే కిడ్నీ జబ్బు, గర్భం, అలర్జీ ముందే చెప్పండి.

• మెదడులోని లాక్టేట్ వంటి రసాయనాలను అదే మిషన్‌తో కొలిచే స్పెక్ట్రోస్కోపీ కూడా డాక్టర్ రాస్తే ఇంకాస్త సేపు పడుకోవాలి. తల కదిలితే కొలత చెడుతుంది, కాబట్టి ముందే బాత్రూమ్‌కు వెళ్లిరండి.

• చప్పుడు బాగా ఎక్కువ. ఇయర్‌ప్లగ్స్ అడిగి పెట్టించుకోండి. టెన్షన్‌గా ఉంటే చేతిలోని బజర్ నొక్కండి, మొహమాటం వద్దు.