వాల్సింగ్‌హామ్ వెళ్తే ఊరి చర్చిలో మాస్‌కి కూర్చోండి, ఎలాగంటే

యూకేలో ఉండే మనవాళ్లు తూర్పు ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ వైపు వెళ్తే వాల్సింగ్‌హామ్ మేరీమాత ష్రైన్ (పుణ్యక్షేత్రం) చూసేసి వచ్చేస్తారు, అదే ఊళ్లో ఉన్న పారిష్ చర్చి, సెయింట్ మేరీ అండ్ ఆల్ సెయింట్స్, దాని జోలికే పోరు. నన్నడిగితే ముందు అక్కడికే వెళ్లండి, అదీ ఆదివారం మాస్ (రొట్టె, ద్రాక్షరసంతో జరిగే ప్రధాన ఆరాధన) టైమ్‌కి. 1921లో వికార్‌గా (ఊరి చర్చి పాస్టర్‌గా) వచ్చిన ఫాదర్ హోప్ ప్యాటెన్ మరుసటి ఏడాది మేరీమాత విగ్రహం పెట్టింది ఈ చర్చిలోనే, 1931లో కొత్త ష్రైన్ కట్టాక ఊరేగింపుగా అటు తీసుకెళ్లారు.

ఇది ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) చర్చి కాదండీ, చర్చ్ ఆఫ్ ఇంగ్లండే, కాకపోతే ఆంగ్లో-క్యాథలిక్ పద్ధతి, అంటే ఆరాధన తీరు క్యాథలిక్కుల దానికి దగ్గరగా ఉంటుంది. రోమన్ క్యాథలిక్కుల ష్రైన్ వేరే, మైలు దూరంలో స్లిప్పర్ చాపెల్ దగ్గరుంది, అందుకే మ్యాప్‌లో ఊరికే ష్రైన్ అని కాకుండా చర్చి పేరు మొత్తం కొట్టండి.

మాస్ టైమ్ ముందురోజు వెబ్‌సైట్‌లో చూసుకుని ఓ పావుగంట ముందే వెళ్లి వెనక వరసల్లో కూర్చుంటే ముందువాళ్లు ఎప్పుడు లేస్తున్నారు, ఎప్పుడు మోకాళ్లేస్తున్నారు అన్నీ కనిపిస్తాయి, వాళ్లని ఫాలో అయిపోవచ్చు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఆరాధన అలవాటున్నవాళ్లకి ప్రార్థనల వరస తెలిసినట్టే ఉంటుంది, కొత్తగా అనిపించేది సాంబ్రాణి పొగ, గంటలు, సిలువ గుర్తు వేసుకోవడం. రాకపోతే వేసుకోనక్కర్లేదు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆస్తమా ఉంటే మాత్రం బలిపీఠానికి దూరంగా కూర్చోండి. ఫాదర్ రొట్టె పైకెత్తినప్పుడు గంట కొడతారు, అప్పుడు ఫోన్ బయటకి తీయొద్దు దయచేసి. కమ్యూనియన్ (ఆ రొట్టె, ద్రాక్షరసం) తీసుకోనివాళ్లు కూడా ముందుకెళ్లి చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుంటే ఆశీర్వదించి పంపుతారు.

ఫోటోలు మాస్ అయ్యాకే. చర్చి పాతకాలందే అయినా లోపల అంత వెలుతురుగా, కొత్తగా ఎందుకుందా అనిపిస్తుంది, 1961లో అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోతే 1964కల్లా మళ్లీ కట్టారు. మంటల్లో నిలబడినవాటిలో ముఖ్యమైనది పదిహేనో శతాబ్దపు రాతి బాప్తిస్మ తొట్టి. దానికి ఎనిమిది పక్కలు, ఏడింటి మీద ఏడు సంస్కారాలు (బాప్తిస్మం, మాస్, పెళ్లి లాంటి పవిత్ర కార్యాలు) చెక్కారు, ఎనిమిదో దాని మీద సిలువ దృశ్యం. చుట్టూ నిదానంగా తిరగండి, మాస్ చెక్కిన పక్క మీద ఉన్నది మీరు ఇందాక చూసిందే కదా, అందుకే ముందు ఆరాధన తర్వాత చూడ్డం అంటున్నా. బయట సమాధుల దగ్గర హోప్ ప్యాటెన్ గారి సమాధి కూడా ఉంది.

కారుంటే బెస్ట్. లేదంటే లండన్ కింగ్స్ క్రాస్ నుంచి కింగ్స్ లిన్‌కి ట్రైన్, అక్కడ్నుంచి ఫేకెన్‌హామ్ మీదుగా బస్సులు, ఆదివారం బస్సులని నమ్ముకోవద్దు, శనివారమే వెళ్లి ఊళ్లో రూమ్ తీసుకోండి. మే చివర్లో బ్యాంక్ హాలిడే సోమవారం నేషనల్ పిల్‌గ్రిమేజ్ (ష్రైన్‌కి ఏటా జరిగే పెద్ద యాత్ర) ఉంటుంది, ఆ వీకెండ్‌కైతే రూమ్ చాలా ముందే బుక్ చేసుకోవాలి.