వీధిదీపం ఎక్కడ పాతాలి, ఎటు తిప్పాలి

రెండు స్తంభాల నడుమ చీకటిగా ఉందంటే అందరూ ముందు చెప్పే మందు ఒకటే: వాట్లు పెంచండి. 40 వాట్ల లైటు తీసి 90ది బిగిస్తారు. స్తంభం మొదట్లో పట్టపగలులా ఉంటుంది, నడుమ చీకటి మాత్రం కదలదు. ఆ వెలుగులోంచి వచ్చిన కంటికి అది ఇంకా చిక్కగా కనిపిస్తుంది కూడా. చాలాచోట్ల తప్పు లైటుది కాదు, ఎత్తుకూ దూరానికీ లెక్క కుదరకపోవడం.

ముందు రెండు కొలతలు తీసుకోండి. ఒకటి, బళ్లు తిరిగే రోడ్డు వెడల్పు. రెండోది, రోడ్డు మట్టం నుంచి లైటు దాకా ఎత్తు. స్తంభం పొడవునే ఎత్తుగా రాసుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. పాతే స్తంభంలో సుమారు ఆరో వంతు నేలలోకి పోతుంది, అంటే 9 మీటర్ల స్తంభానికి పైన మిగిలేది 7.5 మీటర్లే. స్తంభం పాతే చోటు రోడ్డు కంటే పల్లంగా ఉంటే ఇంకా తగ్గుతుంది.

రోడ్డు వెడల్పు లైటు ఎత్తుకు మించకపోతే ఒకవైపు వరస చాలు. ఎత్తుకు ఒకటిన్నర రెట్ల వరకూ ఉంటే రెండువైపులా ఒకటి విడిచి ఒకటి, ఎడాపెడా పెట్టాలి. అంతకు మించితే ఎదురెదురుగా. డివైడరు మీద జంట చేతుల (లైటు బిగించే అడ్డ గొట్టాల) స్తంభం పెడితే దాన్ని రెండు ఒకవైపు వరసల్లా లెక్కగట్టండి. లైట్ల మధ్య దూరం ఎత్తుకు మూడు నుంచి నాలుగు రెట్లు. లైటు లెన్సు (వెలుగును పరిచే ముందరి భాగం) వివరాలు చేతిలో లేనప్పుడు మూడున్నర దగ్గర ఆగడం మంచిది. ఎడాపెడా వరసలో ఈ దూరం ఏ వైపు లైటైనా సరే, రోడ్డు పొడవునా తర్వాతి లైటు దాకా కొలిచేది. ఒకే వైపు స్తంభాల మధ్య కొలిచి అదే దూరం అనుకుంటే లైట్లు రెట్టింపవుతాయి.

ఒక లెక్క చూద్దాం. కాలనీలో 7 మీటర్ల రోడ్డు, లైటు ఎత్తు 7.5 మీటర్లు. ఒకవైపు వరస, దూరం సుమారు 26 మీటర్లు. 40 వాట్ల ఎల్‌ఈడీ వాటుకు 120 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుగు కొలత) ఇస్తే మొత్తం 4,800. అందులో రోడ్డు మీద పడేది 0.45 వంతు అనుకుందాం, దుమ్మూ కాలమూ తినేది పోగా అందులోనూ మిగిలేది 0.75 వంతు. చేతికి 1,620 మిగులుతుంది. దాన్ని 7×26 అంటే 182 చదరపు మీటర్లకు పంచితే సుమారు 9 లక్స్ (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు). వీధిదీపాల భారతీయ ప్రమాణం ఐఎస్ 1944 ప్రకారం ఓ మోస్తరు రద్దీ ఉండే రోడ్డుకు సగటు 8 లక్స్ కావాలి, రద్దీ తక్కువైతే 4. కాబట్టి ఇక్కడ 90 వాట్లకు పనే లేదు.

కరెంటు స్తంభాలకే లైట్లు తగిలించే ఊళ్లలో ఈ లెక్క ఎందుకు తప్పుతుందో కూడా ఇందులోనే ఉంది. ఆ స్తంభాల దూరం తీగల కోసం పెట్టింది, వెలుగు కోసం కాదు. తీగల కింద బిగించిన లైటు 6 మీటర్ల ఎత్తులో ఉంటే 21 మీటర్ల దాకా పనికొస్తుంది. స్తంభాలు 40 మీటర్లకు ఒకటి ఉంటే నడుమ చీకటి తప్పదు. అక్కడ నడుమన ఒక స్తంభం వేయడమే దారి. కరెంటు స్తంభం మీద చెయ్యి వేసే ముందు లైన్‌మన్ చేత ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపించే అనుమతి) తీయించాలి, స్విచ్చి ఆపితే సరిపోదు.

గుర్తులు పెట్టేటప్పుడు ఒక కొస నుంచి టేపు పరుచుకుంటూ పోకండి. తప్పనిసరి చోట్లు ముందు ఖాయం చేయాలి: కూడళ్లు, మలుపులు, జనం రోడ్డు దాటే చోట్లు. మిగిలిన నిడివిని సమంగా పంచాలి. రెండు కూడళ్ల మధ్య 400 మీటర్లుంటే, 26తో భాగిస్తే 15.4 వస్తుంది; 16 భాగాలు చేసి 25 మీటర్లకు ఒకటి పెట్టండి. ఒక కొస నుంచి 26 చొప్పున పోతే చివర్లో 10 మీటర్ల ముక్క మిగులుతుంది.

ఒక రోడ్డు వచ్చి మరో రోడ్డుకు అడ్డంగా ఆగే చోట, వచ్చేవాడికి సరిగ్గా ఎదురుగా ఒక లైటు ఉండాలి. రోడ్డు అక్కడితో అయిపోయిందని చెప్పేది అదే. జనం దాటే చోట లైటు వాళ్ల నెత్తిన కాదు, బండి వచ్చే వైపు కాస్త ముందుండాలి. నెత్తిన ఉంటే మనిషి నీడలా కనిపిస్తాడు. మలుపులో బయటి అంచున పెట్టి, దూరం తగ్గించాలి. ఎడాపెడా వరస మలుపులో వద్దు, రోడ్డు ఎటు తిరుగుతోందో రాత్రిపూట డ్రైవరుకు అర్థం కాదు.

అంచు రాయి ఉన్న రోడ్డులో స్తంభం దానికి కనీసం 30 సెంటీమీటర్లు, వీలైతే 60, ఎడంగా ఉండాలి. రాయి లేకపోతే రోడ్డు అంచు నుంచి మీటరున్నర. అప్పుడు మీటరున్నర చేయి పెడితే లైటు సరిగ్గా అంచు మీదికి వస్తుంది. లైటు రోడ్డులోకి ఎత్తులో నాలుగో వంతుకు మించి చొరబడకూడదు.

వరస కోసం మొదటి, చివరి స్తంభాలు నిలబెట్టి దారం లాగి మిగతావి దానికి కలపాలి. నిలువు చూడాలంటే గుండు దారంతో ఒకసారి రోడ్డు పొడవునా, ఒకసారి రోడ్డుకు అడ్డంగా చూడాలి. ఒకవైపు నుంచి నిటారుగా కనిపించే స్తంభం ఇంకోవైపు నుంచి ఒరిగి ఉండొచ్చు. అడుగు ప్లేటు ఉన్న జీఐ (జింకు పూత ఇనప) స్తంభమైతే ప్లేటు కింది నట్లు తిప్పి సరిచేయాలి. రాతి ముక్కలు దూర్చడం పనికిరాదు, గాలికి అవి జారిపోతాయి. పునాది కూడా చోటును బట్టి మారుతుంది: గాలి లెక్కల్లో హైదరాబాదుకు వేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖకు, విజయవాడకు, నెల్లూరుకు 50. నల్లరేగడి నేలలో ఎండాకాలపు నెర్రెలు దాటి కిందికి పోవాలి.

చేయి రోడ్డుకు లంబంగా ఉండాలి. లైటును 5 నుంచి 10 డిగ్రీలు పైకి ఎత్తితే చాలు. నడుమ చీకటి పోవాలని 25 డిగ్రీలు ఎత్తేవాళ్లున్నారు. ఎత్తితే వెలుగు రోడ్డుకు అడ్డంగా అవతలికి జరుగుతుంది, పొడవునా కాదు. ఎదురింటి పడగ్గదిలోకి, డ్రైవరు కళ్లలోకి పోతుంది. పొడవునా పరిచేది లెన్సు.

వైరింగులో ఒక్క సంగతి మరవకండి: పక్కపక్క లైట్లను మూడు ఫేజులకూ పంచితే ఒక ఫేజు పోయినా మూడింట రెండు వెలుగుతాయి. స్తంభం రంధ్రం అంచుకు వైరు ఒరుసుకుపోకుండా బుష్ (రంధ్రానికి తొడిగే రబ్బరు లేదా ప్లాస్టిక్ కట్టు) వేసి, ప్రతి స్తంభానికీ ఎర్తు కలపాలి. వానాకాలంలో ఇనప స్తంభం షాకు కొట్టడానికి తరచూ కారణం ఈ రెండూ లేకపోవడమే.

చివరగా, వెన్నెల లేని రాత్రి, బళ్లు లేనప్పుడు లక్స్ మీటరు నేల మీద పెట్టి రెండు స్తంభాల మధ్య తొమ్మిది చోట్ల కొలవండి: రెండు అంచులు, మధ్యగీత, ఒక్కో గీతలో రెండు కొసలు, నడుమ. నాలుగు మూలలను ఒక్కోసారి, పక్కల నడిమివి నాలుగూ రెండేసి సార్లు, నట్టనడిమిది నాలుగుసార్లు కలిపి 16తో భాగిస్తే సగటు వస్తుంది. అన్నిటికంటే తక్కువ అంకె సగటులో కాలనీ రోడ్డుకు 0.3 వంతుకు, ముఖ్య రోడ్డుకు 0.4 వంతుకు తగ్గకూడదు. సగటు 9, కనిష్ఠం 2 వచ్చిందంటే 0.22. చెట్టు కొమ్మ అడ్డం వస్తోందేమో, చేయి పక్కకు తిరిగిందేమో ముందు చూడండి. తర్వాత లెన్సు మార్చండి. అప్పటికీ కుదరకపోతే నడుమన ఇంకో స్తంభం పాతాల్సిందే.