టెస్టుకి రక్తమిచ్చి కరోనా తెచ్చుకోకుండా ఉండాలంటే

నాకు కిడ్నీ మార్పిడి అయి ఆరేళ్లు దాటింది. మా అమ్మ ఇచ్చిన కిడ్నీ. ఒళ్లు దాన్ని పరాయిదని తిప్పికొట్టకుండా రోజూ రెండు పూటలా రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు వేసుకుంటాను, అవి సరిపోతున్నాయా ఎక్కువయ్యాయా అన్నది తెలియాలంటే నెలనెలా రక్తం ఇవ్వాల్సిందే. అంటే కరోనా వస్తే తట్టుకోవడం కష్టమైన మనిషిని నేనే, నెలకోసారి ల్యాబ్‌తో పని తప్పనిదాన్నీ నేనే. 2022 జనవరికి టీకా రెండు డోసులూ అయ్యాయి, కానీ ఈ మాత్రలు వాడేవాళ్లలో అది మిగతావాళ్లలో పనిచేసినంత గట్టిగా పనిచేయకపోవచ్చని డాక్టర్ ముందే చెప్పారు. ఆ నెల 10 నుంచి ప్రికాషన్ డోసు (టీకా మూడో డోసు) మొదలైంది గానీ అది అప్పట్లో వేరే జబ్బులున్న 60 దాటినవాళ్లకి, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లకి, ఫ్రంట్‌లైన్ సిబ్బందికి. అప్పటికి నాకు 41.

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే భయపడి రెండు నెలలు టెస్టులే మానేశాను. ఇంట్లోనే ఉన్నాను కదా, సేఫ్ అనుకున్నాను. మే చివర్లో చేయిస్తే 1.2 ఉండే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే లెక్క, పెరిగితే మంచిది కాదు) 1.7 అయి కూర్చుంది. డాక్టర్ ఫోన్‌లోనే తిట్టారు, మాత్రలు సర్దారు, కిందికి దిగడానికి నెలన్నర పట్టింది, ఆ నెలన్నరలో వారానికోసారి రక్తం. మానేసి మిగుల్చుకున్నది ఏమీ లేదు. అందుకే టెస్టు మానకూడదు. అలాగే రిపోర్ట్ తేడా వచ్చి "మళ్లీ శాంపిల్ ఇవ్వండి" అనే పరిస్థితీ రానివ్వకూడదు, ఎందుకంటే మళ్లీ అంటే ఇంకో మనిషి మన గడప దగ్గరికి రావడం, లేదా మనం ఇంకోసారి వాళ్ల గదిలోకి వెళ్లడం. నేను కిందరాసేదంతా ఈ రెండింటి కోసమే.

ముందు డాక్టర్‌కి ఫోన్ చేసి ఏది ఆగుతుంది, ఏది ఆగదు అని అడగండి. నా విషయంలో క్రియాటినిన్, పొటాషియం, సీబీసీ (రక్తకణాల లెక్క), టాక్రోలిమస్ లెవెల్ (నేను వేసుకునే ఆ మాత్ర రక్తంలో ఎంత ఉందో చూసేది) ఆగవు. కొలెస్ట్రాల్, విటమిన్ డి ఆ కరోనా వేవ్ తగ్గేదాకా ఆగొచ్చన్నారు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి సీబీసీ, లివర్ టెస్టులు ఆగవు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లకి ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసేది) ఆగదు, కీమో నడుస్తుంటే సంగతి చెప్పనక్కర్లేదు. ఎన్నాళ్లకోసారి అన్నది మాత్రం మీ డాక్టరే చెప్పాలి, పక్కింటివాళ్ల లెక్క మీకు పనికిరాదు. షుగర్‌కి ఒక డాక్టర్, థైరాయిడ్‌కి ఒక డాక్టర్ అని విడివిడిగా రాసిచ్చిన చీటీలుంటే అన్నీ ఒక కాగితం మీద పెట్టి ఒకే రోజు, ఒకే సూదితో కానిచ్చేయండి. భోజనం తర్వాత షుగర్ కోసం రెండోసారి రమ్మంటారు, దాని బదులు హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపేది) సరిపోతుందా, ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకోవచ్చా అని అడగండి (రక్తహీనత ఉన్నవాళ్లలో హెచ్‌బీఏ1సీ సరిగా చూపించదు, అది కూడా డాక్టర్‌కి గుర్తుచేయండి). ఇంతకీ, ఏ లక్షణమూ లేకుండా భయంతో సీఆర్‌పీ, డి-డైమర్ (కరోనా ముదిరిందా అని చూసే రక్త పరీక్షలు) చేయించుకునేవాళ్లు మా అపార్ట్‌మెంట్‌లోనే నలుగురుండేవాళ్లు. ఆ పని చేయకండి. వేవ్ నడుస్తుంటే ఫుల్ బాడీ ప్యాకేజీలకీ సమయం కాదు.

ఇంటికి వచ్చి తీసుకెళ్లే సౌకర్యం ఉంటే అదే మేలు. హైదరాబాద్‌లో పేరున్న ల్యాబులు చాలావాటికి హోం కలెక్షన్ ఉంది, 2021 మే లాక్‌డౌన్‌లో పొద్దున 6 నుంచి 10 దాకే సడలింపు ఉన్న రోజుల్లో కూడా ల్యాబ్ వాళ్ల బండ్లు తిరిగాయి. బుక్ చేసేటప్పుడు నేను అడిగేవి ఇవీ: శాంపిల్ తీసుకునే అబ్బాయే కరోనా స్వాబులు కూడా తీస్తాడా? ఆ రోజు మా ఇల్లు అతనికి ఎన్నోది? టీకా వేసుకున్నాడా? నేను ఇస్తే ఎన్95 పెట్టుకుంటాడా? స్వాబులు తీసే మనిషైతే వేరే అతన్ని పంపమంటాను. మొదటి ఇల్లు మాదే కావాలంటాను, ఎందుకంటే మా ఇంటికి వచ్చే అబ్బాయి పదింటిలోపు పది పన్నెండు ఇళ్లు తిరుగుతాడట, 2022 జనవరిలో అయితే ఏ ఇంట చూసినా జలుబే.

ఇక్కడే నాకో చిక్కు వచ్చింది, టాక్రోలిమస్ వాడేవాళ్లందరికీ వస్తుంది. ఆ లెవెల్ చూడాలంటే రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి, పొద్దుటి మాత్ర ఇంకా వేసుకోకముందు రక్తం తీయాలి. నేను రాత్రి 9కి, పొద్దున 9కి వేసుకునేదాన్ని. మొదటి స్లాట్ పొద్దున ఆరున్నర. అప్పుడు తీస్తే తొమ్మిదిన్నర గంటలే అవుతుంది, లెవెల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. తొమ్మిదికి రమ్మంటే అప్పటికి అతను ఏడెనిమిది ఇళ్లు తిరిగి వస్తాడు. చివరికి డాక్టర్‌ని అడిగి మాత్రల టైమే మార్చుకున్నాను, ఇప్పుడు పొద్దున 7, రాత్రి 7. మొదటి స్లాట్‌కి దాదాపు సరిపోయింది. మీ అంతట మీరు మార్చుకోకండి, ఎలా జరపాలో వాళ్లు చెబుతారు.

అయినా 2021 సెప్టెంబర్‌లో దెబ్బతిన్నాను. ఆరున్నరకి వస్తానన్న మనిషి 9.40కి వచ్చాడు. ఏ ల్యాబ్ అన్నది వదిలేయండి. ఎదురుచూసి ఎదురుచూసి, డోసు తప్పిపోతుందన్న టెన్షన్‌తో ఎనిమిదింటికి మాత్ర వేసేసుకున్నాను, అతను వచ్చాక ఆ మాట చెప్పడం మర్చిపోయాను. ఎప్పుడూ 6 దగ్గర ఉండే లెవెల్ 14 వచ్చింది. డాక్టర్ డోసు తగ్గిద్దామని కాగితం తీసి కూడా, ఎందుకో అనుమానం వచ్చి "మాత్ర వేసుకున్నాక ఇచ్చావా అమ్మా?" అని అడిగారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఉన్న డోసు తగ్గి కిడ్నీ మీదికి వచ్చేది. అప్పటినుంచి మాత్ర స్ట్రిప్‌ని టెస్టు చీటీకి రబ్బర్ బ్యాండ్ వేసి పెడతాను, సూది బయటికి వచ్చాకే అది చేతిలోకి వస్తుంది. మనిషి బాగా ఆలస్యమైతే ఏం చేయాలో డాక్టర్‌ని ముందే అడిగి పెట్టుకున్నాను: మాత్ర వేసేసుకుని, మిగతా టెస్టులకి ఇచ్చి, లెవెల్ ఒక్కటీ ఇంకో రోజుకి మార్చమన్నారు. రాత్రి మాత్ర వేసుకున్న టైము, రక్తం తీసిన టైము రెండూ చీటీ మీద రాయించండి.

రక్తం ఎక్కడ ఇవ్వాలి? ఇంటి లోపల మాత్రం కాదు. ఈ జబ్బు గాలిలో వ్యాపిస్తుంది, తలుపులు మూసిన హాల్లో ఐదు నిమిషాలకీ బాల్కనీలో ఐదు నిమిషాలకీ చాలా తేడా. మాది నల్లకుంటలో మూడో అంతస్తు, వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఆ అబ్బాయిని మెట్ల మీదుగా పంపమంటాను, అతను మా ఇంట్లోంచి నడిచి రాకుండా నేనే కారిడార్ చివర, గాలి వచ్చే కిటికీ పక్కన, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. బాల్కనీకి వెళ్లాలంటే ఇంట్లోంచే దారి అయితే అన్ని కిటికీలూ తెరిచి, మిగతావాళ్లని లోపలి గదిలో ఉంచండి, అతను వెళ్లిన అరగంట దాకా మాస్క్ తీయకండి. మీ మాస్క్ ఎన్95 అయి ఉండాలి, ముక్కు దగ్గర తీగ నొక్కి, గట్టిగా ఊపిరి వదిలితే కళ్లద్దాలు మసకబారకూడదు. కవాటం ఉన్న మాస్క్ పెట్టుకున్నవాళ్లు వదిలే గాలి వడకట్టకుండానే బయటికి వస్తుంది, అతనిది అలాంటిదైతే మార్చమనండి. నేను ఒకటి కవర్‌లో పెట్టి గేటు దగ్గరే ఉంచుతాను.

అడగడానికి ఇబ్బందిగానే ఉంటుంది. పొద్దున్నే చలిలో బండి మీద వచ్చిన పిల్లాడిని మాస్క్ మార్చుకోమనడం, టీ ఇవ్వకుండా పంపడం మన ఇళ్లలో అలవాటు లేని పని. టీ తాగాలంటే మాస్క్ తీయాలి కాబట్టి నేను బిస్కెట్ ప్యాకెట్, ఇరవై రూపాయలు చేతిలో పెట్టి "బాబూ, కిందికెళ్లి తాగు" అంటాను, ఏమీ అనుకోడు. దగ్గుతూ వస్తే మాత్రం వెనక్కి పంపేయండి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్లు సామెతలోనే చెప్పారు.

ఇక సూది సంగతి. పరగడుపు అంటే నీళ్లు కూడా తాగొద్దని కాదు, రెండు గ్లాసుల మంచినీళ్లు తాగితే నరం తేలిగ్గా దొరుకుతుంది (డయాలసిస్‌లో ఉండి నీళ్లు కొలిచి తాగేవాళ్లు తప్ప). చలికి నరాలు లోపలికి పోతాయి, అందుకే శాలువా కప్పుకుని, వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మోచేతికి ఐదు నిమిషాలు చుట్టుకుంటాను. ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి గుచ్చనివ్వకండి. సూది ప్యాకెట్ మీ ముందే చింపాలి. ఒకసారి కొత్త కుర్రాడు స్పిరిట్ రాసి, అది త్వరగా ఆరాలని మాస్క్ గడ్డం కిందికి లాగి నా మోచేతి మీద ఉఫ్ అని ఊదబోయాడు, చెయ్యి వెనక్కి లాక్కున్నాను. దానంతట అదే ఆరుతుంది, అర నిమిషం. "పిడికిలి బిగించి వదలండి, బిగించి వదలండి" అని పది సార్లు చేయిస్తారు, అలా చేస్తే పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఒకసారి మెల్లగా మూసి ఉంచితే చాలు. రబ్బరు పట్టీ కూడా నిమిషం మించి ఉండకూడదు. సీబీసీకీ టాక్రోలిమస్‌కీ ఊదారంగు మూత ట్యూబు, షుగర్‌కి బూడిద రంగు. ఐఎన్ఆర్ అయితే లేత నీలం, దాన్లో రక్తం గీత దాకా నిండకపోతే రిపోర్ట్ తేడా వస్తుంది. పేరు, వయసు మీ ముందే ట్యూబు మీద రాయించి, ఐస్ ప్యాకులున్న డబ్బాలో పెట్టేదాకా చూడండి. జుట్టు ఊడుతోందని బయోటిన్ మింగేవాళ్లు థైరాయిడ్ టెస్టుకి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే అది కూడా మళ్లీ చేయించాలి.

ఇంటికి వచ్చేవాళ్లు దొరకకపోతే, ల్యాబ్‌కి వెళ్లక తప్పకపోతే: సెల్లార్‌లో ఉన్న ల్యాబ్ వద్దు, కిటికీ ఉన్నది వెతకండి. పొద్దున 7 నుంచి తొమ్మిదిన్నర దాకా పరగడుపు జనం నిండిపోతారు, పరగడుపు అక్కర్లేని టెస్టులైతే మధ్యాహ్నం రెండు మూడింటికి వెళ్లండి. డబ్బు ఫోన్‌లోనే కట్టేసి, రిసెప్షన్‌లో మీ నంబర్ ఇచ్చి, బయట చెట్టు కిందో బండి మీదో కూర్చుని వంతు వచ్చినప్పుడు ఫోన్ చేయమనండి, చాలామంది చేస్తారు, సమస్య ఏంటో చెబితే ముందుకు కూడా పంపుతారు. ఏసీ క్యాబ్ కంటే ఆటో నయం. ఖర్చు భారమైతే బస్తీ దవాఖానలో శాంపిల్ ఇస్తే నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉన్న ప్రభుత్వ తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కి పంపి ఉచితంగా చేస్తారు, కాకపోతే జ్వరాల వాళ్లు కూడా అక్కడికే వస్తారు కాబట్టి వరుసలో ఇంకొకర్ని నిలబెట్టి మీరు దూరంగా ఉండండి.

జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా నెలవారీ తేదీ కోసం ఆగొద్దు, అదే రోజు డాక్టర్‌కి ఫోన్.

రిపోర్ట్ వాట్సాప్‌లోనే వస్తుంది, కాగితం కోసం ఎవరూ వెళ్లనక్కర్లేదు. నేను ఒక పాత డైరీలో తేదీ, క్రియాటినిన్, పొటాషియం, లెవెల్, మాత్ర వేసుకున్న టైము, రక్తమిచ్చిన టైము ఒకే వరుసలో రాసి, ఆ పేజీ ఫొటో తీసి రిపోర్ట్‌తో పాటు డాక్టర్‌కి పంపుతాను. ఆయన సరే అన్నాక అదే రోజు వచ్చే నెల ఆరున్నర స్లాట్ బుక్ చేసేస్తాను, వారం ముందు అడిగితే ఎనిమిదిన్నరే మిగులుతోంది.