దేవుని ఎదుట మౌనం - 3వ పాఠం: చెదిరిన ప్రాణాన్ని వెనక్కి పిలవడం

పోయిన పాఠంలో రోజుకి ఐదు నిమిషాలు ఏమీ అడగకుండా, ఏమీ పాడకుండా దేవుని సన్నిధిలో కూర్చోమన్నాను కదా. కూర్చున్నవాళ్ళకి ఏం జరిగి ఉంటుందో ఊహించగలను, నాకూ అదే జరిగింది కాబట్టి. రెండో నిమిషంలో మోటార్ ఆపానా లేదా అని, మూడో నిమిషంలో గ్యాస్ బుక్ చెయ్యాలని, నాలుగో నిమిషంలో పోయిన క్రిస్మస్‌కి మా పెద్దమ్మ అందరి ముందూ అన్న మాట. (మోటార్ నిజంగానే ఆన్‌లో ఉంటే లేచి ఆపేసి రండి. ట్యాంకు నిండి నీళ్ళు వీధిలోకి పారుతుంటే కళ్ళు మూసుకుని కూర్చోవడం భక్తి కాదు.) "ఇది నా వల్ల కాదులే" అని వదిలేద్దామనుకున్నవాళ్ళ కోసమే ఈ పాఠం.

బైబిల్లో 62వ కీర్తన తియ్యండి. పన్నెండు వచనాలే. మొదటి వచనం ఇలా ఉంటుంది: "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది." ఇప్పుడు ఐదో వచనం: "నా ప్రాణమా, దేవుని నమ్ముకొని మౌనముగా నుండుము." రెండూ ఒకటే అనిపించి చాలా ఏళ్ళు నేను పట్టించుకోలేదు. మౌనంగానే ఉన్న ప్రాణానికి మళ్ళీ మౌనంగా ఉండమని చెప్పే పనేముంది? మధ్యలో ఏం జరిగిందో 3, 4 వచనాల్లో ఉంది. ఈ కీర్తన పాడిన దావీదుకి శత్రువులు గుర్తొచ్చారు. ఒరిగిపోతున్న గోడని తోసేసినట్టు తనని పడదొయ్యాలని చూస్తున్నవాళ్ళు, నోటితో దీవిస్తూ లోపల శపించేవాళ్ళు. అంతే, మౌనం చెదిరింది. ఆయనకి అది ప్రాణం మీదికొచ్చిన సంగతి, నాకు పెద్దమ్మ మాట, చెదరడం మాత్రం ఇద్దరికీ ఒకటే. అప్పుడాయన లేచి వెళ్ళిపోలేదు, తన ప్రాణాన్నే పేరు పెట్టి పిలిచినట్టు "నా ప్రాణమా" అని పిలిచాడు. ఈ వారం మనం నేర్చుకునేది ఆ పిలుపే.

ఇంకో చిన్న తేడా కూడా చూడండి, నాకు చాలా ఇష్టమైనది. రెండో వచనంలో "నేను అంతగా కదలింపబడను" అంటాడు. ఆరో వచనంలో దాదాపు అదే వాక్యం, కానీ "అంతగా" లేదు. ఒకసారి చెదిరి తిరిగొచ్చాక ఆ ఒక్క మాట ఎగిరిపోయింది. చెదరకుండా కూర్చున్నవాడి నమ్మకం కంటే చెదిరి వచ్చినవాడి నమ్మకం గట్టిదని నేను దీన్నిబట్టే అంటాను.

మౌనం అంటే మనసు ఖాళీ చేసుకోవడం అనుకునేవాళ్ళకి మన తెలుగు బైబిల్లో ఒక మంచి మాట ఉంది, కనిపెట్టడం. ఇంట్లో "పాలు పొంగుతాయేమో, కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటారు కదా, అదే. పాల దగ్గర నిలబడ్డ మనిషి ఏమీ చెయ్యట్లేదు, మాట్లాడట్లేదు, కానీ చూపంతా గిన్నె మీదే ఉంటుంది. 130వ కీర్తనలో కావలివాళ్ళు తెల్లవారడం కోసం కనిపెట్టడం అలాంటిదే, తొందరపడితే సూర్యుడు ముందు రాడు, రాకుండానూ మానడు. 1938లో దేవదాసు అయ్యగారు రాజమండ్రిలో మొదలుపెట్టిన బైబిల్ మిషన్‌లో పెరిగినవాళ్ళకి సన్నిధిలో కనిపెట్టడం చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. మిగతా మన సంఘాల్లో మాత్రం ప్రార్థనలో అర నిమిషం నిశ్శబ్దం వస్తే చాలు, ఎవరో ఒకరు కంగారుపడి "స్తోత్రం, స్తోత్రం" అని మైకు అందుకుంటారు.

గట్టిగా ప్రార్థించడం తప్పని కాదు. ఇదే కీర్తన 8వ వచనం "మీ హృదయములు కుమ్మరించుడి" అంటుంది. లోపల ఉన్నది కక్కకుండా నోరు మూసుకుంటే అది మౌనం కాదు, బిగబట్టడం. ఒకటి గట్టిగానే చెప్పాలి, ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడపిల్లకి "మౌనంగా ఉండమ్మా, దేవుడే చూసుకుంటాడు" అని చెప్పడానికి ఐదో వచనం వాడేవాళ్ళున్నారు. దావీదు మౌనం దేవుని ఎదుట. కొట్టేవాళ్ళని మాత్రం "ఎన్నాళ్ళు?" అని నిలదీశాడు, అదే కీర్తనలో.

ఇక ఈ వారం సాధన. ఐదు నిమిషాలని పది చెయ్యండి, ఫోన్ పక్క గదిలో పెట్టి మామూలు గడియారం చూసుకోండి. మొదటి మూడు నిమిషాలు ఏది బాధగా ఉంటే అది మామూలు మాటల్లో, నోరు తెరిచి దేవునితో చెప్పెయ్యండి, డబ్బు టెన్షన్ అయినా, ఎవరి మీద కోపమైనా సరే. తర్వాత ఐదో వచనం ఒకసారి నెమ్మదిగా చదివి ఊరుకోండి. మనసు ఎటో పోయిందని తెలిసిన క్షణంలో తిట్టుకోకుండా, ఎందుకు పోయిందని ఆరా తియ్యకుండా, "నా ప్రాణమా" అని ఒక్కసారి లోలోపల పిలవండి. మళ్ళీ పోతుంది, మళ్ళీ పిలవండి. నేను మొన్న పది నిమిషాల్లో పదిహేడు సార్లు పిలిచాను, అది బాగా కుదిరిన రోజుల్లో ఒకటి. లెక్క రాసుకోకండి, ఆ పిచ్చి నాకు ఉంది, మీకొద్దు.

వచ్చే పాఠానికి 131వ కీర్తన చదివి రండి, మూడే వచనాలు. మీ ఇంట్లో చంటిబిడ్డకి పాలు మాన్పించిన అమ్మో అమ్మమ్మో ఉంటే, ఆ మొదటి రెండు మూడు రాత్రులు ఎలా గడిచాయో కూడా అడిగి రండి.